ఒకే హంతకుడు, మూడు అంకెలు: వరుస హత్యల విజ్ఞాన కోశాలను ఎలా చదవాలి

మీరు ముఖ్యంగా రెండు విషయాలు అడిగారు. హెరాల్డ్ షిప్‌మన్ అనే ఆంగ్లేయ వైద్యుడి పేరు కింద మీ దగ్గర ఉన్న మూడు కోశాలలో ఒకటి 15 మంది హతులనీ, ఒకటి 215 మంది అనీ, ఇంకొకటి సుమారు 250 మంది అనీ రాసింది కాబట్టి వీటిలో దేనిని నమ్మాలన్నది మొదటిది. సీరియల్ కిల్లర్ల గురించిన పుస్తకాలు ఇన్ని పోగుచేసి చదవడం మనసుకు మంచిది కాదని ఇంట్లోవారు అంటున్నారు, అందులో నిజం ఉన్నదా అన్నది రెండవది. గ్రంథాలయంలో పాఠకుల సందేహాలు తీర్చే విభాగంలో నేను ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేశాను. ఇటువంటి కోశాలకు ప్రచురణకు ముందు వివరాలు సరిచూసే పని కూడా చాలాకాలం చేశాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను కనుక జవాబు కొంత పొడవుగా ఉంటుంది.

మీరు చెప్పిన మూడు అంకెలూ సరైనవే. కాకపోతే మూడూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. 2000 జనవరిలో న్యాయస్థానం షిప్‌మన్‌ను దోషిగా నిర్ధారించింది 15 హత్యలకు. అభియోగపత్రంలో ఉన్నవి అవే కాబట్టి జ్యూరీ తీర్పు చెప్పగలిగిందీ వాటి మీదనే. తరువాత ప్రభుత్వం నియమించిన విచారణ సంఘానికి న్యాయమూర్తి జానెట్ స్మిత్ అధ్యక్షత వహించారు. అతడి చేతి కింద పోయిన రోగుల మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, 2002 జులైలో వెలువడిన మొదటి నివేదికలో, ఆ పదిహేను మందితో కలిపి 215 మందిని అతడు చంపాడని తేల్చారు. మరో 45 మరణాల విషయంలో గట్టి అనుమానం ఉన్నా నిర్ధారణ చేయలేమన్నారు. అతడు కొత్తగా ఆసుపత్రిలో చేరి పనిచేసిన కాలాన్ని కూడా చూసిన మీదట, 2005లో మొత్తం సుమారు 250 ఉండవచ్చునని అంచనా వేశారు. ఆ విధంగా 15 న్యాయస్థానంలో రుజువైన లెక్క, 215 విచారణ సంఘం పేరుపేరునా తేల్చిన లెక్క, 250 అంచనా. ఏ అంకె ఎవరు, ఏ ప్రమాణంతో తేల్చినదో పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు. ఆ ఒక్క వాక్యం రాయకపోవడమే ఈ కోశాలలో నేను తరచుగా చూసిన లోపం.

షిప్‌మన్ విషయం ఇంత తేలికగా విడిపోవడానికి కారణం ఆ విచారణ శ్రద్ధగా జరగడం. అటువంటి విచారణ లేనిచోట కోశాలు ఆశ్రయించేది నేరాంగీకారాన్ని, అంటే హంతకుడు తానుగా చెప్పుకున్న సంఖ్యను. దీనికంటే బలహీనమైన ఆధారం ఇంకొకటి లేదు. హెన్రీ లీ లూకస్ 1983లో అమెరికాలోని టెక్సస్‌లో పట్టుబడ్డాక వందల హత్యలు తానే చేశానన్నాడు. వివిధ రాష్ట్రాల పోలీసులు అతడిని కలిసి, తమ దగ్గర తేలకుండా ఉండిపోయిన కేసులను రెండు వందలకు పైగా అతడి పేరు మీద మూసివేశారు. 1986లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ జిమ్ మాటక్స్ కార్యాలయం అతడు ఏ రోజున ఎక్కడ ఉన్నాడో రికార్డులతో పోల్చి చూసినప్పుడు, ఒప్పుకున్న హత్యలలో చాలావాటికి అతడు ఆ చోట ఉండే అవకాశమే లేదని బయటపడింది. అతడికి మరణశిక్ష పడిన హత్య సైతం అటువంటిదే: అది టెక్సస్‌లో జరిగిన సమయానికి అతడు ఫ్లోరిడాలో పనిలో ఉన్నట్టు పత్రాలు చూపాయి. 1998లో గవర్నరు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అయినా ఆ తరువాత వెలువడిన కోశాలలో కూడా లూకస్ పేరు కింద మూడంకెల సంఖ్య నేను ఎన్నోసార్లు చూశాను. అతడు అబద్ధం చెప్పాడన్నది అందులో ఒక భాగమే. తాను చేయని హత్యను అతడు ఒప్పుకున్న ప్రతిసారీ, ఆ హత్య చేసిన అసలు మనిషిని వెతకడం ఆగిపోయింది.

స్వీడన్‌లో స్టూరె బెరివాల్ కథ ఇంతకంటే బాధాకరం. థామస్ క్విక్ అన్న పేరుతో అతడు మానసిక చికిత్సాలయంలో ఉంటూ, బలమైన మందుల ప్రభావంలో, ముప్పైకి పైగా హత్యలు ఒప్పుకున్నాడు. వాటిలో ఎనిమిదింటికి న్యాయస్థానాలు దోషిగా తీర్పు కూడా ఇచ్చాయి. 2008లో అతడు అవన్నీ అబద్ధాలని చెప్పాక, ఒక్కొక్క తీర్పూ రద్దవుతూ వచ్చి 2013 నాటికి ఒక్కటీ మిగలలేదు. ఆ నడిమి కాలంలో అచ్చయిన పుస్తకాలలో అతడు ఐరోపాలోని ఘోరమైన హంతకులలో ఒకడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ అల్మరాలలో ఉన్నాయి. అచ్చయిన పేజీ తనంత తాను దిద్దుకోదు. భారతదేశంలో నోయిడాలోని నిఠారీ హత్యల కేసు సంగతీ అంతే: 2006లో బయటపడిన ఆ కేసులో ఇద్దరికి మరణశిక్షలు పడ్డాయి, వారి పేర్లు హంతకులుగా పుస్తకాలకెక్కాయి, 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపుతూ ఆ శిక్షలను కొట్టివేసింది. అందువల్ల జీవించి ఉన్న వ్యక్తి గురించిన ఆరోపణ చదివేటప్పుడు, ముందుగా పుస్తకం ముద్రణ సంవత్సరాన్ని, తరువాత అప్పీలు ఏమయిందన్న విషయాన్ని చూడడం పాఠకుడి కనీస బాధ్యత అని నేను నమ్ముతాను.

నేరాంగీకారాలన్నీ బూటకాలని మాత్రం అనుకోకండి. శామ్యూల్ లిటిల్ 93 హత్యలు ఒప్పుకున్నప్పుడు, అమెరికా సమాఖ్య దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక్కొక్కటీ పాత కేసులతో సరిచూసి, 2019 అక్టోబరు నాటికి 50 నిర్ధారించగలిగింది. అతడు జ్ఞాపకం మీద గీసిన హతుల ముఖచిత్రాలను ప్రకటించి, గుర్తుపట్టగలిగినవారు ముందుకు రావాలని కోరింది. అక్కడ సరిచూసేవారు ఉన్నారు, లూకస్ దగ్గర చాలాకాలం లేరు. మీ కోశం 93 అని మాత్రమే రాసిందా, 93 ఒప్పుకోగా ఫలానా తేదీ నాటికి ఇన్ని తేలాయని రాసిందా అన్నది చూడండి. రెండో రకంగా రాసిన కోశాన్ని మిగతా పేజీలలో కూడా కొంత నమ్మవచ్చు.

పాత కేసులకు వెళ్లినకొద్దీ అంకెలు ఊహల మీద పెరుగుతాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఆగుతాను. హంగేరీ ప్రభువంశీకురాలు ఎలిజబెత్ బాథరీ పేరు కింద దాదాపు ప్రతి కోశమూ 650 అని రాస్తుంది. ఆ అంకెకు మూలం ఒకే ఒక్క పరిచారిక వాంగ్మూలం: అటువంటి పట్టిక ఒకటి ఉన్నదని, దానిని ఇంకొకరు చూశారని ఆమె విన్నది. ఆ పట్టిక ఎవరికీ దొరకలేదు. బాథరీకి సేవచేసిన నిందితులు చెప్పిన సంఖ్యలు వందలలో కాక పదులలో ఉన్నాయి. ఇక యౌవనం కోసం కన్యల రక్తంలో స్నానం చేసేదన్న కథ అచ్చులో మొదట కనిపించింది 1729లో, అంటే 1614లో ఆమె మరణించిన నూరేళ్లు దాటాక. ఠగ్గుల నాయకుడు బెహ్రాం విషయంలో 931 అన్న అంకె ఇటువంటిదే. 1830లలో ఈస్టిండియా కంపెనీ అధికారి జేమ్స్ పేటన్ రాసుకున్న కాగితాల ప్రకారం, బెహ్రాం చెప్పింది తాను 931 హత్యల దగ్గర ‘ఉన్నానని’. తన చేతులతో సుమారు 125 మందికి ఉరి బిగించి ఉంటాననీ, మరో 150 మందిని బిగించగా చూసి ఉంటాననీ అదే చోట ఉన్నది. ‘ఉన్నాడు’ అన్న మాట కాలక్రమాన ‘చంపాడు’గా మారి, ప్రపంచంలోకెల్లా ఎక్కువ హత్యలు చేసినవాడన్న బిరుదు అతడికి దక్కింది. ఆ సంఖ్యను కోరుకున్నది వలస పాలకులు. దానికి ప్రచారం కల్పించిందీ వారి రాతలే. షికాగో హంతకుడిగా పేరుపడ్డ హెచ్.హెచ్. హోమ్స్‌కు శిక్ష పడింది ఒకే హత్యకు. 1896లో ఉరికి ముందు అతడు 27 హత్యలు ఒప్పుకుంటే, ఆ జాబితాలోని కొందరు అప్పటికి బతికే ఉన్నారు. పరిశోధకులు నమ్మకంగా చెప్పగలుగుతున్నది తొమ్మిది. అయినా ‘రెండు వందలు’ అన్న మాట అతడి పేరును నేటికీ వదలలేదు.

ఒక పుస్తకంలోని తప్పు ఇన్ని పుస్తకాలకు ఎలా పాకుతుందని మీరు అడగవచ్చు. ఈ కోశాల పుట్టుకే పోగుచేయడంలో ఉన్నది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో న్యూగేట్ చెరసాల నుంచి ఉరికి వెళ్లినవారి జీవితకథలను సంపుటాలుగా కుట్టి అమ్మినప్పటి నుంచి, 1961లో కోలిన్ విల్సన్, పెట్రీషియా పిట్‌మన్ హత్యలకే ఒక విజ్ఞాన సర్వస్వాన్ని కూర్చినప్పటి దాకా, అక్కడి నుంచి 1990లలో వరసగా వచ్చిన సీరియల్ కిల్లర్ల కోశాల దాకా పని చేసే తీరు ఒకటే: వందల మంది గురించి ఒక్కరో ఇద్దరో కూర్చుని, అంతకుముందు అచ్చయిన పుస్తకాలనూ పత్రికల కత్తిరింపులనూ దగ్గర పెట్టుకుని రాయడం. అయిదువందల కేసుల కోర్టు రికార్డులను ఒక మనిషి తన జీవితకాలంలో చదవలేడు. అందుకే ముందువారు రాసింది వెనకవారు మక్కికి మక్కి దించుకుంటారు; మూడు పుస్తకాలలో ఒకే మాట ఉన్నదంటే ముగ్గురు సాక్షులున్నారని కాదు, ఒకరి మాటను ఇద్దరు ఎత్తిరాశారని అనుకోవడమే క్షేమం.

దీనికి చట్టం కూడా అడ్డు చెప్పదు. జే రాబర్ట్ నాష్ అనే అమెరికన్ కోశకర్త, దోపిడీదొంగ జాన్ డిలింజర్ 1934లో షికాగోలో సమాఖ్య దర్యాప్తు అధికారుల చేతిలో చనిపోలేదని, చనిపోయింది ఇంకొకడని రాశారు. ఆ ఊహను ఒక టెలివిజన్ ధారావాహికలో వాడుకున్నందుకు సీబీఎస్ సంస్థ మీద దావా వేశారు. ఒక సంగతిని చరిత్రలో జరిగిన వాస్తవమని పుస్తకంలో ప్రకటించినవారు, దానిని ఇతరులు వాడుకుంటే కాపీహక్కు పేరుతో ఆపలేరని 1990లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. రాసిన వాక్యానికి రక్షణ ఉన్నది, అందులోని సంగతికి లేదు. ఆ తీర్పు న్యాయమైనదే, చరిత్ర ఎవరి సొత్తూ కాదు. కాని ఎవరూ ఒప్పుకోని ఊహ కూడా ‘వాస్తవం’ అన్న ముద్రతో ఒక పుస్తకం నుంచి ఇంకొక పుస్తకానికి హాయిగా ప్రయాణం చేయగలదని దాని వల్ల తెలుస్తుంది. ఒక్కొక్కసారి తప్పు అధికారిక పత్రంలోనే మొదలవుతుంది. 1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ పేటలో జరిగిన హత్యల గురించి అక్కడి పోలీసు అధికారి మెల్విల్ మెక్‌నాటన్ 1894లో రాసిన పత్రం, ‘జాక్ ది రిప్పర్’ అన్న పేరుతో పిలిచే, ఎన్నడూ తేలని ఆ హంతకుడై ఉండవచ్చని ముగ్గురిని పేర్కొన్నది. వారిలో డ్రూయిట్ అనే వ్యక్తి వైద్యుడని అందులో ఉంటే, నిజానికి ఆయన న్యాయవాది, బడిలో ఉపాధ్యాయుడు. మెక్‌నాటన్ పోలీసు శాఖలో చేరిందే ఆ హత్యలు జరిగిన మరుసటి ఏడు.

ఎవరు ఈ కోశాలలోకి ఎక్కుతారన్నది కూడా స్థిరమైన విషయం కాదు. బెర్లిన్ పోలీసు అధికారి ఎర్న్‌స్ట్ గెన్నాట్ 1930లో పీటర్ క్యుర్టెన్ అనే హంతకుడి గురించి రాస్తూ ‘వరుస హంతకుడు’ అన్న అర్థమిచ్చే జర్మన్ మాట వాడారు. ఆ మాట 1970లలో అమెరికాలో పుట్టిందన్న ప్రచారం అందువల్ల నిలవదు. 1998 నాటి అమెరికా చట్టం మూడు హత్యలు ఉండాలన్నది. 2005లో ఎఫ్‌బీఐ నిర్వహించిన సదస్సు వేర్వేరు సందర్భాలలో రెండు చాలునన్నది. ఏ నిర్వచనాన్ని పట్టుకున్నదో ముందుమాటలో చెప్పని కోశంలో ఎంతమంది హంతకులున్నారని లెక్కపెట్టడం వృథా శ్రమ. అలాగే ప్రతి పేరు కిందా ‘పథకం ప్రకారం చేసేవాడు’, ‘పద్ధతి లేనివాడు’ అని ముద్ర వేసే కోశాలను కొంత దూరంగా చూడండి. ఆ వర్గీకరణ ఎఫ్‌బీఐ 36 మంది ఖైదీలతో జరిపిన సంభాషణల నుంచి వచ్చింది. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాంటర్ బృందం వంద మంది హంతకుల నేరాల మీద దానిని పరీక్షించి, ఆ రెండు రకాలూ విడివిడిగా ఉన్నాయనడానికి ఆధారం కనబడలేదని తేల్చింది.

ఇంతవరకు చెప్పినవి ఉన్న సమాచారంలోని తప్పులు. అసలు లేని సమాచారం నన్ను ఇంతకంటే ఎక్కువ బాధపెట్టింది. ఈ కోశాలన్నీ హంతకుడి పేరు మీద అకారాది క్రమంలో ఉంటాయి. హతులు అతడి పేరు కింద ఒక అంకె. ఒక పరీక్ష చేసి చూడండి: వైట్‌చాపెల్‌లో చనిపోయిన మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, క్యాథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ పేర్లు మీ పుస్తకాల చివరి పదానుక్రమణికలో ఉన్నాయేమో వెతకండి. చాలావాటిలో ఉండవు, కథనంలో మాత్రం ‘అయిదుగురు వేశ్యలు’ అని ఉంటుంది. చరిత్రకారిణి హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో ఆ అయిదుగురి జీవితాలను పాత రికార్డుల నుంచి వెలికితీసి, వారిలో ముగ్గురు ఆ వృత్తిలో ఉన్నారనడానికి ఆధారమే లేదని వాదించారు. ఆమె వాదనతో విభేదించేవారు ఉన్నారు. అయినా నూట ముప్పై ఏళ్లపాటు ఎవరూ ఆ మాటను పరీక్షకు పెట్టకుండా ఎత్తిరాసుకుంటూ వచ్చారన్నది నిజం.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, ప్రాణాలకు సంబంధించినది. ఇంగ్లండులో 13 హత్యలకు 1981లో శిక్ష పడిన పీటర్ సట్‌క్లిఫ్ కేసులో, హంతకుడు వేశ్యలనే వెతుకుతాడన్న నమ్మకం వల్ల, ఆ వర్ణనకు సరిపోని స్త్రీల మీద జరిగిన దాడులను పోలీసులు ఆ వరుసలో చేర్చలేదు. తనే హంతకుడినంటూ ఒకడు పంపిన ఆకాశరామన్న ఉత్తరాలనూ ఒక టేపునూ నమ్మి, ఆ గొంతులోని యాస లేనివారిని వదిలివేశారు. ఆ టేపు పంపినవాడు వేరే మనిషని రుజువై అతడికి శిక్ష పడింది 2006లో. ఆనాడు హతుల గురించి వాడిన భాషకు ఆ ప్రాంత పోలీసు శాఖ 2020లో వారి కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగర్, ఎవరూ వెతకరని హంతకుడికి తెలిసిన మనుషులను ‘తక్కువగా చనిపోయినవారు’ అన్నారు. బతికి ఉన్నప్పుడే సమాజం లెక్కలో లేనివారు కనుక చావు కూడా లెక్కకు రాదని. హంతకుడి బాల్యానికి రెండు పేజీలిచ్చి హతుల పేర్లకు ఒక్క వరుస ఇవ్వని కోశం, తనకు తెలియకుండానే ఆ లెక్కనే కొనసాగిస్తున్నది.

ఇక మీ ఇంట్లోవారి మాట. ఈ పుస్తకాలు అడిగి తీసుకునేవారు ఎలాంటివారై ఉంటారని నేను మొదట్లో ఊహించానో, అటువంటివారిని ఆ ముప్పై ఏళ్లలో దాదాపు చూడలేదు. వచ్చినవారిలో ఎక్కువ మంది స్త్రీలు. నర్సులు, ఉపాధ్యాయినులు, పోలీసు ఉద్యోగుల భార్యలు, విద్యార్థినులు. ఇది నా ఒక్కడి అనుభవమే అయివుంటుందని అనుకునేవాడిని, కాని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ మాటే చెప్పింది. యుద్ధాల గురించో ముఠాల గురించో రాసిన పుస్తకం, నిజమైన హత్యల గురించి రాసిన పుస్తకం ఎదురుగా పెడితే, స్త్రీలు రెండోదానిని ఎంచుకోవడం ఎక్కువ. తప్పించుకున్న ఉపాయం, హంతకుడి ఉద్దేశం అందులో ఉన్నాయంటే ఆ ఆసక్తి ఇంకా పెరిగింది. భయపడే విషయాన్ని తెలుసుకోవాలనుకోవడం దానికి వారు సూచించిన కారణం. నాకది సరైనదే అనిపిస్తుంది. అందువల్ల మీరు ఈ పుస్తకాలు చదవడాన్ని జబ్బుగా నేను చూడను. నిద్ర చెడుతుంటే, పరిచయం లేని ప్రతి మనిషినీ అనుమానించవలసి వస్తుంటే కొంతకాలం పక్కన పెట్టండి. ఇది ఏ పుస్తకానికైనా చెప్పే మాటే. హంతకుడి తెలివినీ ధైర్యాన్నీ మెచ్చుకోవడం మొదలైందని మీకే అనిపిస్తే మాత్రం, అది చాలావరకు పుస్తకం చేసే పని అని గుర్తుంచుకోండి. లూకస్, సట్‌క్లిఫ్, షిప్‌మన్ అంతకాలం పట్టుబడకపోవడానికి, లేదా తప్పు లెక్కలలో నిలవడానికి, వారి తెలివికంటే ఎదుటివారు సరిచూడకపోవడమే కారణం.

ఈ పుస్తకాలను చదివే మరొక రకం పాఠకులున్నారు, వారిని రాసేవారు ఊహించరు. ఒకనాడు ఒక నడివయసు స్త్రీ వచ్చి, ఒక హంతకుడి పేరు చెప్పి, ఆ పేజీ చూపమన్నారు. చాలాసేపు చదివాక, ఆ జాబితాలో మూడో పేరు తన తల్లిదనీ, ఇంటిపేరు తప్పుగా ఉన్నదనీ, వయసు పదేళ్లు ఎక్కువగా ఉన్నదనీ, తల్లి ఎన్నడూ చేయని పని ఆమె వృత్తిగా రాశారనీ, గొంతు పెంచకుండానే చెప్పారు. మేమిద్దరం కలిసి ప్రచురణకర్తలకు ఉత్తరం రాసి, మరణ ధ్రువీకరణ పత్రం నకలు జతచేశాము. జవాబు రాలేదు. తరువాతి ముద్రణలో కూడా ఆ మూడు తప్పులూ అలాగే ఉన్నాయి. మరొక ప్రచురణకర్త కోశంలో అవే మూడు తప్పులు అదే వరుసలో కనబడ్డాయి. అప్పటి నుంచి వివరాలు సరిచూసే పనికి కూర్చున్నప్పుడల్లా నేను అంకె దగ్గర మొదలుపెట్టలేదు, హతుల పేర్ల దగ్గర మొదలుపెట్టాను. పేర్లు శ్రద్ధగా రాసినవారు అంకెను కూడా శ్రద్ధగానే రాసి ఉంటారని అనుభవంలో తేలింది. మీ మూడు కోశాలనూ అలాగే తూచండి: షిప్‌మన్ పేజీ తెరిచి, ఆ పదిహేను మంది పేర్లు ఎందులో ఉన్నాయో చూడండి.

పాతబడిన కోశాన్ని ఏం చేయాలని కూడా చివర ఒక మాట అడిగారు. పారవేయకండి. కొత్త ముద్రణ పక్కన దానిని తెరిచి పెట్టుకుంటే ఏ పేరు తొలగించారో, ఏ అంకె మార్చారో, మార్చినప్పుడు కారణం చెప్పారో లేదో తెలుస్తుంది. మార్జిన్‌లో పెన్సిలుతో తీర్పు తేదీ, అప్పీలు ఫలితం రాసుకుంటూ పోండి. నా దగ్గర ఉన్న ప్రతులలో అచ్చుకంటే ఆ పెన్సిలు రాతలనే నేను ఎక్కువసార్లు తిరిగి చదివాను.